మంచుకొండ గర్భమున నీటి నడక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



బదరీకేదారములు సేవించి వచ్చినవారి యిండ్లలో దేవుని గూటియందు సీలు వేసిన గంగచెంబు ఒకటి యుండుట ఈ సీమలో వాడుక. ఆ చెంబులోని నీరు పుణ్యజలమను మాట అందఱెఱిగినదే. అయితే ఆ నీరు అంతకుముందు ఎచట నుండెను, దానికి ముందెచట నుండెను అని వెనుకకు లెక్క తీయుచు పోయినవారు అరుదు. తీసినచో దారి గోముఖము వఱకు పోవును. అచట గంగోత్రి హిమానీనదము ముగియుచున్నది. ఇంచుమించు ముప్పది కిలోమీటర్ల పొడవుగల ఆ మంచు తుదిని, సముద్రమట్టమునకు దాదాపు 4,000 మీటర్ల యెత్తున, మంచుగోడ క్రింద ఒక గుహ కలదు. ఆ గుహనుండి భాగీరథి సిద్ధమైన నదిగానే వెలువడును. చినుకు చినుకుగా కారుట కాదు. ఊటగా ఊరుటయు కాదు. లోపల ఎచటనో ఏఱులన్నియు కూడి, నదియైన పిదపనే అది బయటి వెలుగు చూచును. కంటికి కనబడని ఆ లోపలి నడకయే ఈ ఉపన్యాసమునకు విషయము.

గోదావరికి ఇట్టి మంచుకొట్టు లేదు. త్ర్యంబకము కడ బ్రహ్మగిరిని పుట్టి 1,465 కిలోమీటర్లు నడచి సముద్రమున కలియు ఈ నది పూర్తిగా వానకు బిడ్డ. వానలు ముగిసి ఎండలు ముదిరినచో వైశాఖమాసమున వైనతేయ పాయలోనికి పోటుతో ఉప్పునీరు ఎగబ్రాకును. ఆ దినములందే భాగీరథి పెరుగ నారంభించును. ఒకే యెండ గోదావరిని తగ్గించుచు, గంగోత్రి వాగును హెచ్చించుచున్నది. ఇందుచే గంగనీరంతయు మంచునీరేయని తలపరాదు. మైదానములకు దిగిన కొలదియు వాననీటి పాలే హెచ్చు. కాని వాన లేని నెలలలో కొండ యూళ్లకు ఆదరువు ఆ మంచే.

గంగావతరణ కథ ఎఱుగని ఆంధ్రుడుండడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితములలో ఆకాశము మొదలు పాతాళము వఱకు గంగ మెట్టు మెట్టుగా దిగు క్రమము చెప్పబడినది. రామాయణ బాలకాండమున మఱియొక విశేషము కలదు. ఉఱికిన గంగ శివుని జటలలో చిక్కుకొని, బయటకు దారి కానక అనేక సంవత్సరములు అందే తిరుగాడెనట. పురాణము పురాణమే, దానిని తెచ్చి భౌతికశాస్త్రమని చూపుట పురాణమునకును శాస్త్రమునకును కూడ గౌరవము కాదు. అయినను నీరు ఒకచోట ప్రవేశించి, దారి వెదకికొనుచు చాలకాలము లోపలనే నిలిచి, పిదప వేఱొకచోట వెలికి వచ్చుననునది మాత్రము హిమానీనదములయందు దినదినము జరుగు వ్యవహారమే.

హిమాని యనగా మంచు మొత్తమని అమరసింహుడు చెప్పినాడు. తెలుగు పాఠ్యపుస్తకములవారు దానికి నదమును చేర్చి హిమానీనదమనిరి. పేరు తగియున్నది, ఏలయన అది నిలిచియున్న రాశి కాదు, మిక్కిలి మెల్లగా కొండ దిగుచున్న ప్రవాహము. క్రొత్తగా రాలిన మంచులో పదింట తొమ్మిది పాళ్లు గాలియే యుండును. లంక యిసుకలో చేతితో చెలమ తీసినచో ప్రక్కలనుండి నీరెట్లు ఊరునో, ఈ మెత్తని మంచులోనికిని నీరట్లే ఇంకును. 2011వ సంవత్సరమున గ్రీన్లాండు ఆగ్నేయ భాగమున, ఇట్టి గుల్లమంచులో చలికాలమంతయు గడ్డకట్టక నిలిచియున్న నీటిపొరయే కనబడినది. పైనున్న మంచు దుప్పటివలె దానిని కాచుచుండెను.

ఏటేట పైన మంచు పడుచుండగా క్రిందిది నలిగి, గాలి వెడలిపోయి, మిగిలిన గాలి బుడగలుగా చిక్కుకొని, కొన్ని పదుల మీటర్ల లోతున నీలి చాయగల గట్టి మంచు ఏర్పడును. ఇసుక క్రింద జిగటమన్ను పొర తగిలినట్లు ఇంకుడు అచట ఆగిపోవును. చిక్కంతయు ఇచటనే యున్నది. పైన కరగిన నీరు గట్టి మంచు గుండ ఇంకలేనిచో, వందల మీటర్ల మందముగల ఆ మంచును దాటి అడుగునకు ఎట్లు చేరుచున్నది? చేరక గోముఖమున నది లేదు.

నీటికి ప్రవేశద్వారములు పగుళ్లు. కదలుచున్న మంచు వంపులయందును వాలు మాఱుచోటులయందును బిగిసి పగులును. ఎండు పగులు మిక్కిలి లోతునకు పోజాలదు. అడుగు మంచు తన బరువుచే మైనమువలె సాగి దానిని మూసివేయును. కాని ఆ పగులులో నీరు నిండెనా, కథ మాఱును. మంచు నీటికంటె ఇంచుమించు పన్నెండవ వంతు తేలిక. అందుచే పగులునిండ నీరున్నచో, ప్రక్క మంచు మూయ నొత్తెడి బలముకంటె నీరు తెఱువ నొత్తెడి బలమే మిన్న యగును. దుంగలో దిగగొట్టిన మేకువలె నీరు పగులును చీల్చుకొనుచు అడుగు వఱకు పోగలదు. ఒకసారి దారి పడిన పిదప పైవాగులన్నియు అందులోనికే ఉఱికి, సుడులు తిరుగుచు, దానిని బావివలె తొలుచును. ఆల్ప్సు కొండలయందలి ఫ్రెంచివారు ఇట్టి బావులకు 'మూలాఁ' అని పేరిడిరి. వారి భాషలో అది పిండిమర. దగ్గఱకు పోయినచో వినవచ్చు రొద అట్టిది.

దీనికి కన్నులార చూచిన నిదర్శనము 2006వ సంవత్సరము జులై 29వ తేదీన గ్రీన్లాండులో దొరకినది. మంచు మీద కరగినీరు చేరి యేర్పడిన సరస్సొకటి, 980 మీటర్ల మందముగల మంచును చీల్చుకొని, గంటన్నరలోపల మొత్తము క్రిందికి దిగిపోయినది. ఆ నీరు 4 కోట్ల 40 లక్షల ఘనమీటర్లు. డెల్టావారి కొలతలో చెప్పవలెనన్నచో ఒకటిన్నర టి.ఎం.సి.; దిగిన వేగము సగటున మూడు లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరమున మొదటి ప్రమాద హెచ్చరిక పది లక్షల క్యూసెక్కులకు ఎగురవేయుదురు. దానిలో మూడవ వంతుకు దగ్గఱగు ప్రవాహము ఒక్క పగులులోనికి పోయినదన్నమాట. ఆ నీరు అడుగున చేరి, కిలోమీటరు మందముగల మంచును ఒక మీటరునకు పైగా పైకెత్తినది. ఆవల నీరు ప్రక్కలకు ప్రాకిపోగా మంచు మరల దిగినది.

అడుగు చేరిన నీరు ఎట్లు నడచును? గన్నవరపు అక్విడక్టు మీదుగా వచ్చు కాలువకు గట్టులు మనుష్యులు కట్టినవి. ఒకసారి కట్టినచో మరమ్మతు చేసికొనుచు తరములు వాడుకొనవచ్చును. మంచులోని కాలువకు కట్టినవాడు నీరే, కూల్చువాడు మంచే. ప్రవహించు నీరు రాపిడిచే కొంత వేడిని పుట్టించును. ఆ వేడి స్వల్పమే. నూఱు బిందెల నీరు వేయి మీటర్ల యెత్తు దిగునప్పటికి పుట్టిన వేడియంతయు మంచుకే పోయినచో, సుమారు మూడు బిందెల మంచు మాత్రమే కరగును. నూటికి మూడు వడ్డీ వంటి లెక్క. కాని ప్రవాహము రాత్రింబవళ్లు ఆగనిచో ఆ మూడు వంతులే సొరంగమును వెడల్పు చేయుచు పోవును. మఱియొకవైపు మంచు బరువు ఆ సొరంగమును అన్ని ప్రక్కలనుండి అదుముచు మూయుచుండును. కరుగుట జమ, అదుముట ఖర్చు. ఆ పూటకు సొరంగపు వెడల్పు నిలువ. ఈ లెక్కను 1972వ సంవత్సరమున స్విట్జర్లాండుకు చెందిన హాన్స్ రోత్‌లిస్‌బర్గర్ గణితరూపమున వ్రాసి యుంచెను. నేటికిని అట్టి సొరంగములు ఆయన పేరిటనే చెలామణి అగుచున్నవి.

ఆ గణితమునుండి తేలిన విశేష మొకటి కలదు. నీరు ఎక్కువగా పోవు సొరంగము తొందరగా పెరుగును గనుక దానిలో ఒత్తిడి తక్కువగా నుండును. ఒత్తిడి తక్కువయైనచోటికి ప్రక్కనున్న చిన్న దారుల నీరు తరలును. చిన్నవి ఎండి మూసికొనిపోవును, పెద్దది మఱింత పెద్దదగును. కావున మంచు గర్భమునందలి కాలువలు సాగుకాలువలవలె పెద్దవానినుండి చిన్నవిగా చీలునవి కావు. మురుగు కాలువలవలె చిన్నవానినుండి పెద్దవిగా కూడునవి. గోముఖమున ఒక్క గుహనుండి నదియంతయు వెడలుటకు కారణమిదియే.

అదే 1972లో అమెరికా దేశీయుడగు రోనాల్డ్ ష్రీవ్ మఱియొక సంగతిని వెల్లడించెను. పల్లమెఱుగు నీరని లోకోక్తి. మంచు క్రింద నీటికి ఆ లోకోక్తి పూర్తిగా చెల్లదు. సొరంగము నిండ ఒత్తిడితో నున్న నీటిని నడిపించునది అడుగు నేల వాలు మాత్రమే కాదు. పైనున్న మంచు బరువు కూడ. మంచు మందముగా నున్నచోటినుండి పలుచగా నున్నచోటికి నీరు త్రోయబడును. లెక్కించి చూడగా నేల వాలుకంటె మంచు పైభాగపు వాలు పదునొకండు రెట్లు బలమైనదని తేలినది. కావున మంచు క్రింద నీరు గట్టును ఎగబ్రాకి ఆవలికి పోగలదు.

వినుటకిది వింతగా తోచవచ్చును గాని, కోనసీమవారి పెరటిబావిలో దీని జోడు లెక్క యొకటి కలదు. ఇచటి భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుచున్నది. మంచినీరు ఉప్పునీటికంటె నలువదవ వంతు తేలిక. అందుచే సముద్రమట్టమునకు పైన ఒక అడుగు నిలిచిన మంచినీటికి అడుగున నలువది అడుగుల మంచినీరు ఊతగా నుండును. పైన ఒక అడుగు దిగునట్లు నిరంతరము తోడినచో అడుగున ఉప్పు నలువది అడుగులు ఎగయ జూచును. బరువులలోని స్వల్పభేదము ఒకచోట పదునొకండు రెట్లుగా, ఇంకొకచోట నలువది రెట్లుగా తన ప్రభావమును చూపుచున్నది. తీరమున మోటార్లు పెట్టి లోతునుండి తోడినవారికి ఉప్పు తగులుటకు మూలమీ లెక్కయే. ఇది ప్రస్తుతమునకు ప్రక్కమాటయైనను చెప్పక విడుచుటకు మనసొప్పలేదు.

మరల మంచులోనికి పోవుదము. చలికాలమున పైన కరుగుట నిలిచిపోవును. సొరంగములలోనికి నీరు రాదు; మంచు మాత్రము అదుముట మానదు. వారములలో పెద్ద దారులు ముడుచుకొనిపోవును. నేల ఎగుడుదిగుళ్ల చాటున చిన్న చిన్న గూళ్లు మాత్రము, ఒకదానితో నొకటి సన్నని సందులచే కలిసి, నీటిని నిలుపుకొని యుండును. వేసవి తొలినాళ్లలో కరగు నీరు దండిగా దిగునప్పటికి దారులింకను తెఱవబడి యుండవు. నీరు గూళ్లలో క్రిక్కిఱిసి, ఒత్తిడి పెరిగి, మంచును నేలమీదనుండి కొంత తేల్చును. అప్పుడు హిమానీనదము వేగముగా జారును. తరువాత తరువాత సొరంగములు పెరిగి నీటికి సాఫీగా దారి ఏర్పడగా ఒత్తిడి తగ్గి, నీరు మునుపటికంటె హెచ్చుగా పోవుచున్నను జారుట నెమ్మదించును. నీరెంత యున్నదను ప్రశ్నకంటె, వచ్చిన నీటికి దారి సిద్ధముగా నున్నదా యను ప్రశ్నయే ఇచట ముఖ్యము.

ఈ సంగతులు ఊహించి చెప్పినవి కావు. మంచుబావిలో రంగు కలిపిన నీరు పోసి, తుదిని గుహముఖమున ఎంతసేపటికి ఆ రంగు కనబడునో కాచియుందురు. కొలది గంటలలో ఒక్కపెట్టున వచ్చినచో లోపల తిన్నని సొరంగమున్నదనియు, చాలసేపు పలుచపలుచగా వచ్చినచో గూళ్లగుండ తిరుగుచున్నదనియు తెలియును. గఢ్వాలులోని డోక్రియాని హిమానీనదముపై ఇట్టి పరీక్షలు జరిగినవి. మంచులో మరలతో బోరులు దింపి నీటి ఒత్తిడిని కొలుచుటయు కలదు.

ఇంత శ్రమపడి లోపలి దారులను తెలిసికొనుట దేనికను సందేహము రావచ్చును. దారి మూసికొనిపోయిన నీరు ఏమి చేయునో 1892వ సంవత్సరము జులై 12వ తేదీ రాత్రి ఫ్రాన్సు దేశపు సెయింట్ జెర్వే వాసులకు తెలిసినది. వారి యూరికి పైన తేత్ రూస్ అను చిన్న హిమానీనదము కలదు. పైకి ఏ సరస్సును లేదు, ఏ వాగును లేదు. కడుపులో మాత్రము నీరు చేరియుండెను. అర్ధరాత్రివేళ మంచుగోడను బ్రద్దలు చేసికొని ఆ నీరు లోయలోనికి దూకగా సుమారు 175 మంది మరణించిరి.

తెలుగువారికి అంత దూరము పోవలసిన పనిలేదు. 2013వ సంవత్సరము జూన్ 16, 17 తేదీలలో కేదారనాథమున జరిగినది జ్ఞాపకముండియే యుండును. ఆ యాత్రలో చిక్కుకొనినవారిలో తెలుగువారనేకులు. మరలి రానివారును కలరు. అచట గుడికి సుమారు రెండు కిలోమీటర్ల ఎగువన చోరాబారి హిమానీనదము ప్రక్క చోరాబారి సరస్సుండెడిది. గాంధీ సరోవరమనియు దానికి పేరు. హిమానీనదము త్రోసి పోగుచేసిన రాళ్లు మన్ను దానికి గట్టు. ఆ సరస్సుకు తూము వంటి బయటి దారి లేదు. అడుగున సన్నని సందులగుండ నీరు ఊరిపోవుచుండెడిది. మామూలు దినములలో అవియే చాలినవి. ఆ జూన్ నెలలో ఎడతెగని వాన, వానకు కరగిన మంచు ఒక్కసారిగా వచ్చి పడగా ఆ సందులు చాలలేదు. మట్టము పెరిగి, 17వ తేదీ ఉదయమున గట్టు తెగి, కొలది నిముషములలో సరస్సు ఖాళీ అయినది. గుడి నిలిచినది, చుట్టునున్న ఊరు నిలువలేదు. ఆ ఏటి వఱదలలో ఉత్తరాఖండమున మృతులు వేలసంఖ్యలో నుండిరి.

హిమాలయములలో సంభవించు ప్రతి వఱదకును మంచు సరస్సే కారణమని నిర్ణయించుట మాత్రము సరికాదు. 2021వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన చమోలీ జిల్లాలో రెండువందల మందికి పైగా మృతులుగను గల్లంతైనవారుగను తేలిన ఉపద్రవమును మొదట పలువురు సరస్సు తెగినదనియే తలచిరి. పరిశీలింపగా కొండ చఱియ మంచుతో కూడ విఱిగిపడి, పడుటలోని రాపిడికి మంచు కరగి వఱదయైనట్లు తేలినది. కారణము తెలియకముందే పేరు పెట్టినచో నివారణ కూడ తప్పుదారి పట్టును.

చాలని దారి యన్నమాట కోనసీమ రైతునకు క్రొత్తది కాదు. మురుగు కాలువలలో పూడిక పేరుకొని, తూడును గుఱ్ఱపుడెక్కయు అల్లుకొన్న యేడు, సాధారణమైన వానకే సార్వా చేలు మునుగుచున్నవి. 2011లో ఈ సీమ రైతులు సార్వా పంట విరమించి భూములు బీడు పెట్టినప్పుడు చెప్పిన కారణములలో గిట్టుబాటు ధర లేకపోవుటతోపాటు ముంపు బాధయు నొకటి. భేదమేమనగా, ఇచట పూడిక తీయుట మనుష్యుల చేతిలో నున్నది. మంచులో ఆ పూడిక ఏటేట దానంతటదే పడును, నీటి చేతనే తీయబడవలెను.

అయినను అచటను మనుష్యుడు బొత్తిగా నిస్సహాయుడు కాడు. తేత్ రూస్‌నే మరల చూడుడు. 2010లో శాస్త్రజ్ఞులు పైనుండియే లోపలిని తడవి చూచు పరికరములతో పరిశీలింపగా, నూఱేండ్లకు పైబడిన పిదప అదే మంచు కడుపులో ఇంచుమించు 55 వేల ఘనమీటర్ల నీరు చేరియున్నట్లు కనుగొనిరి. బోరులు దింపి అందులో చాలభాగమును ఆ సంవత్సరమే పంపులతో తోడివేసిరి. తరువాతి రెండేండ్లును తోడవలసివచ్చినది. దిగువ యూరికి ప్రమాద సూచన గంటలు ఏర్పఱచిరి. ఆ నీరు చిక్కుకొనుటకు వారు చెప్పిన కారణము ఆశ్చర్యకరమైనది. వాతావరణము వేడెక్కుటచే తుదిభాగమున పైనుండెడి గుల్లమంచు దుప్పటి పలుచనై పోయినది. దుప్పటి లేని గట్టిమంచు చలికాలమున మఱింత చల్లబడి, అడుగు వఱకు బిగిసి, నీటి దారికి బిరడా అయినదట. వేడి హెచ్చినందుచేతనే ఒకచోట మంచు మునుపటికంటె చల్లబడెను.

గంగోత్రి హిమానీనదమును 1935లో జాన్ ఆడెన్ కొలిచి పటము గీచెను. నాటినుండి గోముఖము కిలోమీటరునకు మించి వెనుకకు జరిగినది. తాతలు స్నానమాడిన గోముఖమును మనుమలు స్నానమాడు గోముఖమును ఒక్కచోటివి కావు. మంచు వెనుకంజ వేసినచోట్ల క్రొత్త సరస్సులు పుట్టుచున్నవి. 2023వ సంవత్సరము అక్టోబరు మొదటివారమున సిక్కిములో దక్షిణ ల్హోనాక్ అను అట్టి సరస్సు తెగి, తీస్తానదిపై చుంగ్‌థాంగు వద్దనున్న ఆనకట్టను కొట్టుకొనిపోయినది.

ఇకముందు ఆ యాత్రకు పోవువారికి ఉపయోగించు సంగతి యొకటి మిగిలియున్నది. మంచునుండి వచ్చు వాగులకు పోటుపాటులున్నవి. వైనతేయ పోటుకు చంద్రుడు కర్త. అచటి పోటుకు సూర్యుడు. పగటి యెండకు కరగిన నీరు మంచు గర్భపు దారులన్నియు గడచి గుహముఖమునకు చేరునప్పటికి మధ్యాహ్నము దాటి సాయంకాల మగును. అప్పుడు వాగు ఉద్ధృతముగా నుండును. తెల్లవాఱుజామునకు తగ్గును. కావున దాటవలసిన వాగులను ఉదయముననే దాటుట మేలు. గుహ కప్పునుండి మంచుపెళ్లలు హెచ్చరిక లేకయే విఱిగిపడుచుండును. చెంబు నింపుకొనువారు గుహముఖమునకు పోక, దిగువనే ఒడ్డున నిలిచి నింపుకొనవలెను. అచటను ఆ నీరే.